ఎక్కడన్నది తెలుసు, ఎంతన్నది?

కెనడా దేశంలో ఏప్రిల్ మాసం ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేసే మాసం. 2014లో ఆ మాసం రెండవ వారంలో, గడువుకు ఇంకా మూడు వారాలుండగా, అక్కడి పన్నుల శాఖ తన ఆన్‌లైన్ సేవలను హఠాత్తుగా నిలిపివేసింది. కొద్ది రోజులకు అసలు సంగతి బయటపడింది. ఆరు గంటల వ్యవధిలో ఎవరో సుమారు 900 మంది పౌరుల సామాజిక బీమా సంఖ్యలను అపహరించుకుపోయారు. తాళం పగలలేదు. ఎవరి రహస్య పదాన్నీ ఎవరూ ఊహించలేదు. ఆగంతకుడు అడిగాడు, యంత్రం మర్యాదగా ఇచ్చింది. పన్ను దాఖలు గడువును ఏప్రిల్ 30 నుంచి మే 5కు పొడిగించవలసి వచ్చింది.

ఈ ఉపద్రవానికి మూలం నిపుణులకు మాత్రమే అంతుబట్టే రహస్యమేమీ కాదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి సి భాష నేర్చుకుంటూ, ఒక శ్రేణికి కావలసిన చోటును ప్రోగ్రాము నడుస్తుండగా అడిగి తీసుకోవడమెలాగో తెలిపే పాఠం దగ్గరకు వచ్చినప్పుడు ఎదురయ్యే విషయమే అది. నాలుగు ఫంక్షన్ల పేర్లు కంఠస్థం చేయించి ఆ పాఠాన్ని ముగించడం తరచుగా జరుగుతున్నది. అందులోని అసలు మెలిక అలాగే మిగిలిపోతుంది.

కంప్యూటరు జ్ఞాపకశక్తిని, అనగా మెమరీని, ఒక పొడవాటి సత్రంగా ఊహించుకోవచ్చు. గదులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఒక్కొక్క గది ఒక్కొక్క బైటు. ప్రతి గదికీ ఒక సంఖ్య ఉంటుంది. అదే దాని చిరునామా. ఒక పూర్ణాంకం బస చేయడానికి నేటి యంత్రాలలో సాధారణంగా నాలుగు గదులు కావాలి. ఒకే జాతికి చెందిన విలువలను మధ్యలో ఖాళీ లేకుండా పక్కపక్కనే దింపితే అది శ్రేణి. ప్రోగ్రామర్లు దీనిని అర్రే అంటారు. దీనిలోని సౌకర్యమేమిటంటే, మొదటి విలువ ఉన్న చిరునామా తెలిస్తే చాలు, పదవ విలువ ఎక్కడున్నదో వెతకనక్కరలేదు. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు కనుక ముప్పై ఆరు గదులు దాటి వెళ్తే సరిపోతుంది. సి భాషలో శ్రేణి లెక్క ఒకటితో కాక సున్నాతో మొదలు కావడానికి కారణం కూడా ఇదే. అక్కడి సంఖ్య వరుసలో ఎన్నవదో చెప్పదు, మొదటి గది నుంచి ఎంత దూరమో చెబుతుంది.

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే బస్తాలను అక్కడ టిక్కీలంటారు. సీజను ముదిరిన రోజులలో అవి లక్ష దాటడం కద్దు; వానాకాలంలో ఆ సందడి ఉండదు. ఒక్కొక్క టిక్కీ తూకాన్ని నమోదు చేసే ప్రోగ్రామును ఒక విద్యార్థి రాయబూనాడనుకోవచ్చు. శ్రేణికి ఎన్ని స్థానాలు కేటాయించాలి? యాభై వేలని ముందే రాసిపెడితే మార్చి నెలలో ఒకనాడు చోటు చాలదు. ఐదు లక్షలని రాసిపెడితే ఏడాదిలో అత్యధిక భాగం వృథాగా పడి ఉంటుంది. ఏదో ఒకనాడు అదీ చాలకపోవచ్చు. పైగా యాభై వేల స్థానాల శ్రేణిలో యాభై వేల ఒకటవ విలువను రాయబోతే సి భాష వద్దనదు. పక్క గదిలో ఎవరున్నారో చూడకుండా అక్కడే దింపుతుంది. ఆ గదిలో రైతు పేరు ఉండవచ్చు, చెల్లించవలసిన మొత్తం ఉండవచ్చు. ప్రోగ్రాము అప్పటికప్పుడు కూలిపోతే అది అదృష్టమే. కూలకుండా తప్పుడు లెక్కతో నడుస్తూ పోవడమే ప్రమాదం.

అందుచేత ఎన్ని టిక్కీలు వచ్చినవో ఆ ఉదయం తెలిసిన తరువాతనే చోటు అడగడం మేలు. సి భాషలో ఆ విన్నపం ఇలా ఉంటుంది:

బరువులు = మాలాక్(సంఖ్య * సైజాఫ్(ఇంట్));

మాలాక్ అన్నది మెమరీ కేటాయింపును సూచించే ఆంగ్ల పదాల కుదింపు. 1979లో వెలువడిన యునిక్స్ ఏడవ కూర్పు నాటికే ఆ పేరుతో ఈ ఫంక్షన్ వాడుకలో ఉన్నది. దానికి టిక్కీలు తెలియవు, పూర్ణాంకాలు తెలియవు. ఎన్ని బైట్లు కావాలో మాత్రమే చెప్పాలి. కనుకనే సంఖ్యను ఒక్కొక్కదాని పరిమాణంతో గుణించడం. ఆ పరిమాణాన్ని సైజాఫ్ చేత చెప్పించడం చాదస్తం కాదు. మన కళాశాలల్లో బహుకాలం రాజ్యమేలిన టర్బో సి అనే నీలి తెరలో ఒక పూర్ణాంకానికి రెండు బైట్లే. ఆ అలవాటుతో, సైజాఫ్ జోలికి పోకుండా, రెండుతో గుణించి చోటు అడిగిన ప్రోగ్రాములను నేటి యంత్రాలపై నడిపితే కావలసిన చోటులో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం పక్కవారి గదులలోకి పోతుంది.

చోటు దొరికితే మాలాక్ మొదటి గది చిరునామాను తెచ్చి ఇస్తుంది. దొరకకపోతే నల్ అనే శూన్య చిరునామాను ఇస్తుంది. వచ్చినది నల్ అవునో కాదో చూసుకోకుండా సామాను దింపడం మొదలుపెట్టేవారు కొల్లలు. ఇచ్చిన గదులను సత్రం వారు ఊడ్చి ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోదగినది. మునుపటి బసదారు వదిలిన చెత్త అందులో ఉంటుంది. అన్నింటినీ సున్నాలతో శుభ్రపరచి ఇచ్చేందుకు కాలాక్ అనే వేరొక ఫంక్షన్ ఉన్నది.

ఇంతవరకు చిక్కేమీ లేదు. ఇకపైననే ఉన్నది మెలిక.

చేతికి వచ్చినది చిరునామా మాత్రమే. దానిని దాచుకునే చలరాశిని పాయింటర్ అంటారు. అది ఎక్కడన్నది చెబుతుంది, ఎంతన్నది చెప్పదు. నూరు పూర్ణాంకాలకు చోటు అడిగినా, నూరు లక్షలకు అడిగినా తిరిగి వచ్చే చీటీ మీద ఒకే ఒక గది సంఖ్య ఉంటుంది. ముందే పరిమాణం రాసి ప్రకటించిన నూరు పూర్ణాంకాల శ్రేణిని సైజాఫ్ అడిగితే 400 అని జవాబు వస్తుంది. మాలాక్ ద్వారా తెచ్చుకున్న దానిని అదే ప్రశ్న అడిగితే నేటి సాధారణ యంత్రాలపై 8 అని వస్తుంది. అది శ్రేణి పొడవు కాదు, చీటీ పొడవు! ఈ ఎనిమిదిని చూసి తెల్లబోని విద్యార్థి అరుదు. ఎన్ని స్థానాలు అడిగినదీ వేరొక చలరాశిలో తానే రాసుకోవాలి, శ్రేణిని మరొక ఫంక్షన్‌కు పంపిన ప్రతిసారీ ఆ సంఖ్యను కూడా వెంట పంపాలి. ఎవరూ గుర్తుచేయరు.

భాషను నిర్మించినవారు ఈ లోపాన్ని ఎరుగక వదిలివేశారా? ఆ చరిత్ర ఆసక్తికరమైనది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, బెల్ పరిశోధనశాలలో 1970 దశకం ఆరంభంలో డెనిస్ రిచీ సి భాషను రూపొందించాడు. కెన్ థాంప్సన్‌తో కలిసి ఆయన పనిచేసిన తొలి పీడీపీ-11 యంత్రపు మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. నేడు చేతి ఫోనులో దాచుకునే ఒక మామూలు ఫొటో కూడా అందులో పట్టదు. ఆ యంత్రం మీదనే యునిక్స్ నిర్వహణ వ్యవస్థ, దానితోపాటు వినియోగదారుల ప్రోగ్రాములు నడవాలి.

సికి పూర్వరూపమైన బి భాషలో శ్రేణిని ప్రకటించినప్పుడు, ఆ గదులతోపాటు వాటి చిరునామాను దాచే మరొక గది కూడా ఏర్పడేది. రిచీ భాషలో స్ట్రక్చర్ అనే కొత్త అమరికను ప్రవేశపెట్టబోయినప్పుడు ఇక్కడ అడ్డంకి వచ్చింది. యునిక్స్‌లో ఫైళ్ల జాబితాలోని ప్రతి నమోదూ సరిగ్గా 16 బైట్లు: ఫైలు క్రమసంఖ్యకు 2, పేరుకు 14. డిస్కు మీద ఎలా ఉన్నదో మెమరీలోనూ అచ్చంగా అలాగే ఉండాలి. పేరు అనే ఆ 14 అక్షరాల శ్రేణికి ప్రత్యేకంగా ఒక చిరునామా గదిని ఎక్కడ ఇరికించడం? ఇరికించినా అందులో సరైన చిరునామాను ఎవరు నింపాలి? రిచీ ఆ గదినే తొలగించాడు. శ్రేణి పేరును ప్రోగ్రాములో వాడినప్పుడు, అప్పటికప్పుడు అది మొదటి విలువ చిరునామాగా మారేటట్లు నియమం పెట్టాడు. చిరునామాకే గది లేని చోట పొడవును మోసుకు తిరగడమన్న మాట ఎక్కడిది! ఆ పొదుపు వల్లనే 1973లో యునిక్స్‌ను సి భాషలో తిరిగి రాయడం సాధ్యపడిందని చెప్పవచ్చు. 24 కిలోబైట్ల కాలపు పొదుపు కోటానుకోట్ల బైట్ల కాలానికి వారసత్వంగా వచ్చింది.

వేరొక దారి లేకపోలేదు. 1960 దశకంలో బ్రిటన్‌లో ఎలియట్ కంపెనీ యంత్రాలకై టోనీ హోర్ తయారుచేసిన ఆల్గాల్ కంపైలర్ శ్రేణిలోని ప్రతి స్థానాన్నీ, ముట్టుకున్న ప్రతిసారీ, హద్దులో ఉన్నదో లేదో పరీక్షించేది. వేగం కొరకు ఈ పరీక్షను మానుకునే వీలు కల్పించాలా అని తరువాతి కాలంలో అడిగితే కొనుగోలుదారులందరూ వద్దన్నారని హోర్ 1980 నాటి ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో వెల్లడించాడు. సి మాత్రం ప్రోగ్రామర్‌ను పూర్తిగా నమ్మింది. ఆ నమ్మకం గౌరవమో, అతి విశ్వాసమో ఒక్క మాటలో తేల్చడం కష్టం. అంత చిన్న యంత్రంలో రిచీ చేసిన ఎంపికను తప్పుపట్టడం న్యాయం కాదు. యంత్రాలు పెద్దవైన తరువాత కూడా దానిని యథాతథంగా అంటిపెట్టుకున్నవారి విషయం వేరు.

సత్రం గుమాస్తాకైనా పొడవు తెలుసునా? తెలుసు. గదులను తిరిగి అప్పగించడానికి ఫ్రీ అనే ఫంక్షన్ ఉన్నది. దానికి చిరునామా ఒక్కటే చెబితే చాలు, ఎన్ని గదులో చెప్పనక్కరలేదు. మరి ఎన్ని ఖాళీ అయినవో దానికెలా తెలుస్తుంది? చాలా అమరికలలో మాలాక్ చేసే పని ఇది: అడిగినదానికంటె కొన్ని బైట్లు ఎక్కువ తీసుకొని, ఇచ్చే మొదటి గదికి సరిగ్గా ముందున్న చోట, అనగా గడప మీద, ఆ వసతి పరిమాణాన్ని రాసిపెడుతుంది. ఫ్రీ వెనక్కి ఒక అడుగు వేసి ఆ గడప మీది రాత చదువుకుంటుంది. ప్రోగ్రామర్ ఆ రాతను చదవడానికి సి ప్రమాణాలలో మార్గం లేదు. అయితే దానిని పాడుచేయడానికి మాత్రం మార్గం సులువు. తన హద్దు దాటి నాలుగు బైట్లు ఎక్కువ రాస్తే చాలు, పక్క వసతి గడప మీది అంకె చెరిగిపోవచ్చు. అప్పటికేమీ తెలియదు. ఎంతోసేపటి తరువాత, ఆ పక్క వసతిని ఎవరో అప్పగించబోయినప్పుడు ప్రోగ్రాము కుప్పకూలుతుంది. తప్పు చేసినది ఒకచోట, తప్పు పట్టుబడినది వేరొకచోట. అనుభవజ్ఞులు సైతం దినాల తరబడి వెతుకులాడేది ఇటువంటి తప్పులనే.

మధ్యాహ్నానికి మరికొన్ని లారీలు వచ్చి టిక్కీలు పెరిగితే రీఅలాక్ అనే ఫంక్షన్ ఆదుకుంటుంది. పక్కన ఖాళీ ఉంటే ఉన్నచోటనే పొడిగిస్తుంది. లేకుంటే వేరొకచోట పెద్ద వసతి చూసి, సామానంతా అక్కడికి చేరవేసి, పాతదానిని విడిచిపెడుతుంది. కనుక పాత చిరునామా చెల్లకపోవచ్చు. ఒక్కొక్క టిక్కీకి ఒక్కొక్కసారి పెంపు అడగడం కూడా తెలివైన పని కాదు. అడిగిన ప్రతిసారీ తరలింపు జరిగే పక్షంలో, ఒకటి నుంచి వెయ్యి స్థానాల వరకు ఒక్కొక్కటిగా పెంచితే మొత్తం 4,99,500 విలువలను మోయవలసి వస్తుంది. నిండిన ప్రతిసారీ రెట్టింపు అడిగితే 1,023 విలువలను మోస్తే సరిపోతుంది. రెట్టింపులో కొంత చోటు ఖాళీగా ఉంటుందన్న మాట నిజమే. అయినా ఈ బేరమే లాభసాటి.

రీఅలాక్ ఇచ్చిన జవాబును నేరుగా పాత చీటీ మీదనే రాసుకోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. చోటు చాలక నల్ వచ్చిందనుకుంటే, పాత గదులు పాత సామానుతో అక్కడే భద్రంగా ఉంటాయి, వాటి చిరునామా మాత్రం చెరిగిపోతుంది. తాళం వేసిన గది, తాళంచెవి బావిలో. మెమరీ లీకు అని వ్యవహరించేది దీనినే. చిన్న ప్రోగ్రాము ముగియగానే నిర్వహణ వ్యవస్థ అన్నింటినీ స్వాధీనం చేసుకుంటుంది కనుక విద్యార్థికి ఇది కనిపించదు. రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే ప్రోగ్రాములో గంటకు పది గదులు ఇలా మూతబడినా, ఒకనాటికి సత్రమంతా తాళాలే మిగులుతాయి. దీనికి విపర్యయం కూడా ఉన్నది. ఫ్రీ చేసిన తరువాత పాత చీటీ పట్టుకొని మళ్లీ ఆ గదిలోకి వెళ్లడం! అప్పటికి అక్కడ వేరొకరు దిగి ఉంటారు. ఒకే వసతిని రెండుసార్లు అప్పగించడం కూడా ఇటువంటిదే. గుమాస్తా పుస్తకమే తారుమారవుతుంది.

2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంజనీరు ఒకరు వెల్లడించిన ప్రకారం, ఆ సంస్థ ఏటా సరిదిద్దుతున్న భద్రతా లోపాలలో దాదాపు 70 శాతం ఇటువంటి మెమరీ తప్పిదాలవే. పొడవును చిరునామాతోపాటే ఉంచి, ప్రతిసారీ హద్దు చూసే రస్ట్ వంటి భాషలకు ఇందువల్లనే ఆదరణ పెరిగింది. ప్రధానంగా సి భాషలో రాసిన లైనక్స్‌లో సైతం 2022 డిసెంబరులో వెలువడిన 6.1 కూర్పుతో రస్ట్‌కు ప్రవేశం లభించింది. అయినా లోకంలో ఇప్పటికే రాసి ఉన్న సి ప్రోగ్రాములు ఒక్క తరంలో మాయమయ్యేవి కావు.

కెనడా పన్నుల శాఖను ముంచినదీ అటువంటి ప్రోగ్రామే. ఇంటర్నెట్ మీద సమాచారం గోప్యంగా సాగడానికి లోకంలోని వెబ్ కేంద్రాలు విస్తారంగా వాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో ఆ లోపం ఉన్నది. ఇంత ప్రధానమైన ప్రోగ్రాముకు ఆనాడు ఏటా అందే విరాళాలు దాదాపు 2,000 డాలర్లని దాని నిర్వాహకులే చెప్పారు.

రెండు కంప్యూటర్ల నడుమ సంబంధం తెగలేదని నిర్ధారించుకోవడానికి ఒకటి రెండవదానిని పలకరించే ఏర్పాటు ఒకటి ఉన్నది. దాని పేరు హార్ట్‌బీట్, అనగా గుండె చప్పుడు. "ఈ మాటను తిరిగి పలుకు, మాట పొడవు ఇంత" అని మొదటిది పంపుతుంది, రెండవది అదే మాటను తిప్పి పంపుతుంది. పొడవు చెప్పడానికి రెండు బైట్లు ఉన్నవి కనుక గరిష్ఠంగా 65,535 అని చెప్పవచ్చు. ఆగంతకుడు ఒకే ఒక అక్షరం పంపి, దాని పొడవు 65,535 అని చెప్పాడనుకోవచ్చు. ప్రోగ్రాము ఆ మాట నమ్మింది. జవాబు రాయడానికి తగినంత చోటును మాలాక్ పద్ధతిలో అడిగింది. చోటు దొరికింది, కేటాయింపులో తప్పేమీ లేదు. తరువాత, వచ్చిన మాట ఉన్న చిరునామా నుంచి మొదలుపెట్టి 65,535 బైట్లను ఆ కొత్త చోటులోకి నకలు చేసింది. అందులో మొదటిది మాత్రమే ఆగంతకుని అక్షరం. తక్కినవన్నీ ఆ పక్క గదులలో ఉన్న ఇతరుల సొత్తు: రహస్య పదాలు, బీమా సంఖ్యలు, ఒక్కొక్కప్పుడు ఆ కేంద్రపు రహస్య తాళంచెవి కూడా. దినచర్య పుస్తకాలలో ఈ అపహరణకు ఆనవాలు సైతం మిగలదు.

చిరునామా సరైనదే. పొడవును మాత్రం ఒక అపరిచితుడు చెప్పాడు.

2011 చివరి దినాలలో చేరిన ఈ లోపం 2012 మార్చిలో విడుదలైన 1.0.1 కూర్పుతో లోకమంతటా వ్యాపించింది. రెండేళ్ల తరువాత గూగుల్ ఇంజనీరు ఒకరు, ఫిన్లాండ్‌కు చెందిన కోడెనోమికాన్ సంస్థవారు ఎవరికి వారే దీనిని కనిపెట్టారు. 2014 ఏప్రిల్ 7న లోకానికి వెల్లడి చేస్తూ పెట్టిన పేరు హార్ట్‌బ్లీడ్, కారుతున్న గుండె. అదే దినం సవరించిన కూర్పు విడుదలైంది. ఆ సవరణలోని కీలకమైన వాక్యం చేసే పని ఇది: సందేశపు రకానికి ఒక బైటు, పొడవు చెప్పడానికి రెండు, వారు చెప్పిన పొడవు, చివరి పూరకానికి పదహారు, ఇవన్నీ కూడగా వచ్చిన మొత్తం, నిజంగా చేరిన సందేశం కంటె ఎక్కువైతే ఆ సందేశాన్ని జవాబివ్వకుండా విడిచిపెట్టడం.